దాలయ్య వల పందిరి

“నత్తలేరడానికి పిల్లల్ని పంపమంటావేటి? టెంత్ పరీచ్చల్లో నత్తల గురించి అడుగుతారేటి?”

“నత్తల కోసమని ఎవులన్నారే? ఛుట్టీ కదా. నెల్లాళ్ళు ఛుట్టీ. పిల్లలు తండ్రికాడికి రాకూడదేటి?”

“ఛుట్టీ నీకు. ఆడికి ట్యూషన్. పొద్దుట ఒకటి, సాయంత్రం ఒకటి.”

“అయితే గుంటని పంపు. దానికి ట్యూషన్ నేదు కదా.”

“ఒక్కర్తినీ బస్సులో తోసీమంటావు. బాగా సెప్పినావు! నీ బెండకాయల్లాగ గోనెలో కట్టి పంపీనా?”

మా కొట్లో సామాను కోసం వచ్చిన ముగ్గురూ బేరం మానేసి వింటున్నారు. ఫోను నాది. మాట్లాడుతున్నది దాలయ్యన్న. అవతలి గొంతు అతని భార్య రత్నం వదినది, పోర్ట్‌బ్లెయిర్లో షాదీపూర్ నుంచి. దాలయ్యన్న ఇంటి దగ్గర సిగ్నల్ ఉండదు. అందుకని మాయాబందర్ బజారులో ఉన్న మా కొట్టుకొచ్చి నా ఫోన్లో మాట్లాడతాడు. అదీ స్పీకర్లోనే. పాతికేళ్ళు ఇంజన్ బోటు మీద మాట్లాడిన మనిషి, రహస్యమైనా అరిచే చెప్తాడు.

“రత్నం, ఇను...”

“ఇనను. ఇంకోసారి ఈ మాటెత్తితే ఫోనే ఎత్తను. బస్!”

ఫోను పెట్టేసింది. దాలయ్యన్న నా ఫోన్ని లుంగీకి తుడిచి చేతికిచ్చాడు. ఎప్పుడూ అలాగే ఇస్తాడు, చేపల వాసన అంటుకుందేమోనని. అంటుకునే ఉంటుంది. తుడిస్తే పోయేది కాదది.

“కోపంలో ఉంది. రేపు మళ్ళీ సేద్దాం,” అన్నాడు.

“రేపు కూడా ఇదే అంటుందన్నా.”

“అంటాదిలే. అయినా సేద్దాం.”

దాలయ్యన్నకు నలభై రెండేళ్ళుంటాయి. తండ్రి శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడ మీద వచ్చాడు. ఇతను ఇక్కడే పుట్టాడు, ఇక్కడే చేపల వేట నేర్చాడు. తెలుగు రాయడం రాదు, హిందీ బోర్డులు కూడబలుక్కుని చదువుతాడు. ఇందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు, ఈ దీవుల్లో మన వాళ్ళలో సగం మంది ఇంతే. చెప్పుకోవాల్సింది అతని కూరగాయల పిచ్చి గురించి. వేట చేసేవాళ్ళు మట్టిలో చెయ్యి పెట్టడం వాళ్ళలో నామోషీ. వాళ్ళ లెక్కలో కూరగాయంటే చేపల పులుసు పలచబడకుండా వేసేది, అంతే. ఇతను మాత్రం వేట నుంచి రాగానే వల దింపి పార పట్టుకునేవాడు.

ఇంటి వెనక సన్నటి నేల ఉంది. వెనకటికి పోటు వస్తే అక్కడిదాకా నీళ్ళొచ్చేవి. సునామీ ఏడు భూమి కదిలినప్పుడు మా ఉత్తరపు ఒడ్డు కాస్త పైకి లేచింది. నీళ్ళు ఆ చోటికి రావడం మానేశాయి. పదేళ్ళ పాటు వానలు పడీ పడీ ఉప్పు కడిగేశాక అక్కడ గడ్డి మొలిచింది. గడ్డి మొలిచిన చోట బెండ ఎందుకు మొలవదు అన్నాడట దాలయ్యన్న. మొలిచింది కూడా.

తీగ పాదులకి అందరూ వెదురు పందిరి వేస్తారు. ఇతను చిరిగిన వలలు కట్టాడు. నాలుగు గుంజలు పాతి, వాటి మీద వల పరిచి, పడవ ముళ్ళు వేసి బిగించాడు. బీర, కాకర, ఆనప, పొడుగు చిక్కుడు అన్నీ ఆ వల కన్నుల్లో వేళ్ళలాంటి తీగలు దూర్చి పాకేవి. గింజ పెట్టాలంటే ముందు జెట్టీ కేసి చూసేవాడు. పోటు వస్తుండగానే పెట్టాలి. నీళ్ళు తీసే పాటులో పెడితే గింజ నీళ్ళతో పాటు వెనక్కి పోతుందని అతని నమ్మకం. చుట్టుపక్కల తోటలు చేసే బెంగాలీలు ఇది విని పడీ పడీ నవ్వారు. ఇతను మా కొట్టు వైపు వస్తుంటే, “ఏ మఛ్లీవాలా, పానీ చఢా క్యా?” అని, నీళ్ళెక్కాయా అని అరిచేవారు. “చఢా, చఢా! తుమ్ భీ డాలో!” అని, ఎక్కాయి, మీరూ గింజలెయ్యండని ఇతను కూడా అరిచేవాడు.

మొదటి ఏడు మాత్రం నవ్వు రాలేదు. వానలు మొదలవగానే నత్తలొచ్చాయి. మా దీవుల్లో నత్తలంటే గుప్పెడంత ఉంటాయి. తెల్లారేసరికి ఒక మడి మడంతా నున్నగా గొరిగేస్తాయి. దాలయ్యన్నకి తెలిసిన మందు ఒక్కటే, ఉప్పు. చేప కుళ్ళకుండా ఉప్పు, పురుగు పట్టకుండా ఉప్పు, కాలికి గాయమైనా ఉప్పు నీళ్ళు. ఎండు చేపలకని దాచిన బస్తాలోంచి సగం తీసుకెళ్ళి మడుల చుట్టూ గట్లు గట్లుగా పోశాడు. నత్తలు చచ్చాయి. సాయంత్రం ఇంటికొచ్చి వదిన ముందు మీసం తిప్పాడట. మర్నాడు వాన పడింది. ఉప్పంతా కరిగి మడుల్లోకి దిగింది. వారం తిరక్కుండా మొక్కలన్నీ అంచుల నుంచి మాడిపోయాయి. పదేళ్ళు వాన కడిగిన నేలకి ఒక్క పూటలో మళ్ళీ ఉప్పు తినిపించాడు మహానుభావుడు.

అప్పటికి కూతురు జాహ్నవికి ఐదేళ్ళు. “పాపా, మొక్కలకి దాహం వేసిందా?” అని తండ్రిని అడిగిందట. ఆ మాట విని ఆ పూట వేటకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి చూస్తే రత్నం వదిన మడిలో కూర్చుని కత్తిపీటతో ఆ ఉప్పు మట్టి గీకి తట్టలోకెత్తుతోంది. కొడుకు భానుప్రకాష్ ఆ తట్ట మోసుకెళ్ళి సముద్రంలో పోస్తున్నాడు. ఇతనూ కూర్చున్నాడు. తర్వాత నలుగురూ కలిసి కొండవాలు నుంచి ఆకు మట్టి మోశారు. చేపల తట్టల్లోనే. నెల పట్టింది. అప్పటిదాకా అది దాలయ్య తోట. ఆ నెల తర్వాత నలుగురిదీ అయింది.

ఆ తర్వాత నత్తల్ని చేత్తోనే ఏరేవారు. వాన పడి వెలిసిన ప్రతి పొద్దుటా నలుగురూ బకెట్లు పట్టుకుని దిగేవారు. కుడి పక్క భాను, ఎడమ పక్క జాహ్నవి. ఎవరికి తక్కువ దొరికితే వాళ్ళు ఆ రోజు గిన్నెలు తోమాలి. “బావన్, తిర్పన్, చౌవన్” అని కేకలేస్తూ లెక్కపెట్టేవాళ్ళు. భాను దొంగ లెక్క పెట్టేవాడు. జాహ్నవి అన్న బకెట్ గుమ్మరించి మళ్ళీ మొదట్నుంచి లెక్కించేది. ఆ గొడవ మా కొట్టు దాకా వినిపించకపోయినా, ఆదివారం అక్కడికి వెళ్తే తప్పేది కాదు.

నేను ఆదివారాలు అక్కడే తినేవాణ్ణి. పందిరి కింద మూడు రాళ్ళు పెట్టి వదిన వండేది. కోసిన ఆనపకాయ కోసినట్టే ఎండు రొయ్యలతో పొయ్యి మీదకెక్కేది. మేము మట్టిలో చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. వల కన్నుల్లోంచి ఎండ పడి అందరి ముఖాల మీదా చారలుండేవి. తిన్నాక పిల్లలిద్దరూ సముద్రం వైపు కాళ్ళు పెట్టి పడుకుని, వేలాడుతున్న బీరకాయల్లో ఏది ఎవరిదో పంచుకునేవారు. “వో వాలా మేరా!” “పో, అది నేను పూత అప్పుడే చూసుకున్నా!” మా ఇంట్లో టీవీ చూస్తూ తింటాం. ఎవరూ మాట్లాడరు. అందుకే వెళ్ళేవాణ్ణి, కూర కోసం కాదు. సరే, కూర కోసం కూడా.

భాను ఏడో తరగతి అవగానే రత్నం వదిన ఒక నిర్ణయం తీసుకుంది. ఆమెకి ఇద్దరు అన్నదమ్ములు. ఒకే రోజు, ఒకే బోటులో వేటకి వెళ్ళారు. ఒకడే తిరిగొచ్చాడు. “నా కొడుకు బోటెక్కడు. ఆడు సదూకుంటాడు, ఆఫీసులో కుర్చీలో కూకుంటాడు,” అంది. షాదీపూర్లో ఆమె అక్క బేబీరాణి ఉంటుంది. ఆ ఇంటి మేడ మీది గదిలో చేరి, పిల్లలిద్దర్నీ అక్కడ బళ్ళో వేసి, తను జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. దాలయ్యన్న కాదనలేదు. పెట్టె తనే మోసి బస్సెక్కించాడు. అతను అక్కడికి వెళ్ళి ఉండలేడు. బోటు ఇక్కడ, భాగస్తులిక్కడ, తెలిసిన నీళ్ళిక్కడ.

ఇది మూడో ఏడు. వారానికోసారి గోనెలో కూరగాయలు కట్టి బస్సుకి వేస్తాడు. ఆదివారం నేను వెళ్ళి తోట వీడియో తీసి, కొట్టుకొచ్చి పిల్లలకి పంపుతాను. “ఇదిగో ఈ కాకర సూపించు. ఇటు తిప్పు. జాహ్నవి ఏసిన బచ్చలి ఇది, దీన్ని దగ్గరగా తియ్యి,” అని ఒకటే పురమాయింపు. తను మాత్రం వీడియోలో పడడు. సిగ్గు.

వేసవి సెలవులకి పిల్లలు వచ్చేవారు. నిరుడు కూడా వదినతో కలిసి వచ్చారు. ఈ ఏడు రావడానికి వీల్లేదంది వదిన. మొదట్లో వినిపించిన గొడవ దాని గురించే. దాలయ్యన్న ఆ మాట విన్నట్టే లేడు. మర్నాడే రెండు మడులు తవ్వాడు, ఒకటి కుడి పక్క, ఒకటి ఎడమ పక్క. ఎరువు కలిపి, నీళ్ళు చల్లి, గింజ పెట్టకుండా వదిలేశాడు.

“ఎందుకన్నా ఖాళీగా ఉంచావు?” అన్నాను.

“ఆళ్ళు పెడతారు.”

“రావట్లేదన్నారు కదా.”

“వాన పడ్డానికి ఇంకా ఇరవై రోజులుంది,” అన్నాడు, నేను వాన గురించి అడిగినట్టు.

అప్పుడే నాకు పోర్ట్‌బ్లెయిర్లో పని పడింది. కాలేజీ రెండో ఏడాదిలో మానేశాను. టీసీ మాత్రం తెచ్చుకోలేదు. మా నాన్న రోజూ సాధిస్తుంటే సరేనని బయల్దేరాను. ఇది తెలిసి దాలయ్యన్న కొట్టుకొచ్చాడు.

“ఎదర కూకుని సెప్పు తమ్ముడూ. ఫోన్లో ఇనదది. నువ్వు సదూకున్నోడివి, నీ మాటింటాది.”

“నేను చదువు మానేసినోణ్ణన్నా.”

“మానేసినా లోపల కొంత ఉంటాది కదా. నెల వద్దు. పది రోజులు సాలు. వాన ముందర పది రోజులు.”

బస్సు టాపు మీద గోనె కట్టించాడు. కండక్టర్ “ఇత్నా సబ్జీ? దుకాన్ ఖోలోగే క్యా?” అన్నాడు. “బచ్చోఁ కే లియే,” అని పిల్లల పేరు చెప్పాడు దాలయ్యన్న. బస్సు కదిలాక కూడా ఆ గోనె వైపే చూస్తున్నాడు.

పొద్దున్న బయల్దేరితే, అడవి దారిలో బళ్ళన్నీ కలిపి పంపే కాన్వాయ్ కోసం ఆగి, బస్సుతో సహా పంటు మీద నీళ్ళు దాటి, పోర్ట్‌బ్లెయిర్ చేరేసరికి సాయంత్రమైంది. షాదీపూర్లో బేబీరాణి ఇంటి మెట్ల నిండా నీళ్ళ డ్రమ్ములే. వాటి మధ్య నుంచి గోనె పైకి మోశాను. మేడ మీద ఒక గది, ముందు నాలుగడుగుల వరండా, ఆ వరండాలో కుట్టు మిషను. గాలి రావాలంటే మిషను జరపాలి.

భాను నాకంటే పొడుగయ్యాడు. మూతి మీద నూగు వచ్చింది. పలకరించేలోగా గోనె మూతి విప్పి తల లోపల పెట్టేశాడు.

“ఏంట్రా అది?”

“కుఛ్ నహీ భయ్యా. వాసన.”

జాహ్నవి తోటకూర కట్ట విప్పింది. ఆకు వెనక గోరంత నత్త పిల్ల. పట్నంలో మూడో ఏడు ఉంటున్న పిల్ల కదా, కెవ్వుమంటుందనుకున్నాను. రెండు వేళ్ళతో తీసి అరచేతిలో పెట్టుకుంది. “ఏక్,” అంది. భాను వెంటనే, “అది నా పక్కది,” అన్నాడు. ఇద్దరూ కాసేపు నిజంగానే కొట్టుకున్నారు. చివరికి దాన్ని ఖాళీ సీసాలో వేసి ఆకు పెట్టారు.

రత్నం వదిన పిల్లల్ని ట్యూషన్‌కీ, పాల ప్యాకెట్‌కీ తరిమి, నాకు టీ ఇచ్చింది.

“సెప్పు. ఏం సెప్పమని పంపినాడు?”

“పది రోజులు చాలంట వదినా. వాన ముందు.”

“ట్యూషనో?”

“పది రోజుల ట్యూషన్ పోతే కొంప మునగదు. అయినా చదివి ఏం చేస్తారు? నన్ను చూడు.”

“నిన్ను సూసే భయం మరిదీ,” అంది వదిన. ఆమె మిషను మీద మోచేతులు ఆనించి నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది.

“నిరుడేటైందో నీకు తెలవదు. తిరుగు బస్సు రోజు భాను కనపడలేదు. ఒడ్డంతా ఎతికినాం. బస్సెల్లిపోనాది. సూస్తే పందిరి కింద, కంద ఆకుల ఎనక, సెప్పులు సేతిలో ఎట్టుకుని కూకున్నాడు. ‘మై నహీ జావుంగా’ అన్నాడు. నాను కొడదామని సెయ్యెత్తినాను. ఆయన పక్కన నిలబడి నవ్వుతున్నాడు. ఎంత ముద్దుగా నవ్వినాడో! పెళ్ళైన కాన్నుంచీ అలా నవ్వడం సూణ్ణేదు. నా సెయ్యి దిగిపోనాది. బేగ్ కూడా దింపీసినాను.”

“మంచిదే కదా వదినా.”

“ఏం మంచిది? నాలుగు రోజులుండిపోనాం. నాలుగో పొద్దుట నత్తలేరుతూ ‘ఈ సదువులు మనకెందుకు, ఇక్కడే ఉండిపోదారి’ అని నా నోటంటే వొచ్చీసింది. గట్టిగానే అనీసినాను. ఆయన ఇన్నాడో లేదో తెలవదు. ఆ సాయంత్రమే పిల్లల రెక్కలు పట్టుకుని లాక్కొచ్చీసినాను.” గోనెలోంచి ఒక బీరకాయ తీసి, చీర చెంగుతో అనవసరంగా తుడిచింది. “పిల్లలు రానంటారని కాదు. అక్కడికెల్తే తిరిగి రారు. ఆళ్ళని మళ్ళీ లాక్కురాడానికి నాకు బలం నేదు. ఆళ్ళ కన్నా ముందు నానే బేగ్ దింపీస్తాను. అందుకే ఫోన్లో అరుస్తాను. మెల్లిగా మాటాడితే ఒప్పీసుకుంటాను కదా.”

“టెంత్ అయ్యాక?”

“అయ్యాక సూద్దారి. ఈ ఏడు గట్టెక్కనీ. నువ్వు పంపే ఆ వీడియోలొకటి. గుంట అన్నం తింటూ అవే సూస్తాది. ఆడు పుస్తకం తెరిసి అందులో ఫోనెట్టుకుంటాడు. నానూ సూస్తాననుకో, ఆళ్ళు పడుకున్నాక.”

మర్నాడు టీసీ తీసుకుని బయల్దేరాను. జాహ్నవి మెట్ల దాకా వచ్చి, “భయ్యా, ఎడమ పక్క మడి ఖాళీగా కనపడింది వీడియోలో. పాపాతో చెప్పు, ఎవర్నీ పెట్టనివ్వొద్దని,” అంది. సరేనన్నాను. ఇంకేమంటాను?

మాయాబందర్ చేరిన మర్నాటి పొద్దున్నే వెళ్ళాను. దాలయ్యన్న పందిరి మీద వల జారిన చోట ముడి వేస్తున్నాడు. నన్ను చూడగానే దిగలేదు. రెండు చేతులూ పైకి పెట్టుకునే, “ఎప్పుడొత్తన్నారు?” అని అడిగాడు.

మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. వదిన చెప్పింది చెప్పినట్టు చెప్పేశాను. భాను గోనెలో తల పెట్టడం, నత్త, బేగ్ దింపడం, నత్తలేరుతూ అన్న మాట, అన్నీ. ఎడమ పక్క మడి గురించి జాహ్నవి చెప్పింది కూడా.

అతను ముడి పూర్తి చేశాడు. దాన్ని లాగి చూశాడు. విప్పి మళ్ళీ వేశాడు. తర్వాత కిందకి దిగి మడి గట్టు మీద కూర్చున్నాడు.

“ఆ మాట నాను ఇన్నాను,” అన్నాడు.

“ఏ మాటన్నా?”

“ఇక్కడే ఉండిపోదారి అన్నది కదా. ఇన్నాను. ఇనబళ్ళేదన్నట్టు బకెట్ పట్టుకుని అటెళ్ళిపోనాను. అవునూ అంటే ఆగిపోద్దని తెలుసు. ఏడాదంతా అదే బాధ. అననందుకో, అనకుండా ఉండగలిగినందుకో, ఏటో తెలవదు.”

పోటు మీద ఉంది నీరు. గట్టు కింద రాళ్ళ దాకా వచ్చింది. అతను లుంగీ మడతలోంచి చిన్న పొట్లం తీశాడు. చిక్కుడు గింజలు. చాలాసేపు అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. కుడి మడిలో వేలితో గుంటలు పెట్టి ఒక్కో గింజే వేసి మట్టి కప్పాడు. తర్వాత ఎడమ మడి. నేను సాయం చెయ్యబోతే, “వద్దు, నువ్వు కూకో,” అన్నాడు. రెండు మడులూ అయ్యేసరికి నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచాడు. చేతులు కడుక్కోలేదు.

“తమ్ముడూ, ఓ పని సేసిపెట్టాల.”

“చెప్పన్నా.”

“ఇంక వీడియోలు తియ్యకు. తోట పోనాదని సెప్పు. గాలికి పందిరి ఎగిరిపోనాదని సెప్పు. నాను తీసీసినానంటే కోపమొస్తాది ఆళ్ళకి. గాలనుకో, ఎవుల్నీ తిట్టుకోరు. రెండ్రోజులు ఏడ్సి సదూకుంటారు.”

“వదినక్కూడానా?”

“దానికే ముందు సెప్పు.”

“మరి వారం వారం గోనె వెళ్తుంది కదన్నా? తోట లేకపోతే ఆ కూరలెక్కడివంటారు?”

ఇది అతను ఆలోచించలేదు. పందిరి కేసి చూశాడు. పైన ఆనపకాయ ఒకటి కోతకొచ్చి ఉంది. దాన్ని రెండు చేతుల్తో కింద నుంచి పట్టుకుని బరువు చూశాడు, కొయ్యకుండా వదిలేశాడు.

“బజార్లో కొని పంపుతున్నామని సెప్పు,” అన్నాడు. “నాను ఏరి కట్టన్లే. గోనెకి రెండు మూడు పుచ్చులు కలుపుతాను. బజారువనే అనుకుంటారు. నువ్వూ అదే సెప్పు తమ్ముడూ.”